పదో తరగతి ఇంగ్లీషు హోంవర్కు: పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు, మనం ఎలా చూపించాలి?

బెళ్లందూరు సుధ
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటులో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు హోంవర్కు చూపిస్తున్నాం. అందరూ తెలుగిళ్ల పిల్లలే. కొందరిది సీబీఎస్ఈ, కొందరిది ఐసీఎస్ఈ. ఈ వారం తేలని ప్రశ్నలు ఇవి:

1. 'ది టీచర్ సెడ్ టు రవి, "వై ఆర్ యు లేట్ టుడే?"' అన్నదాన్ని రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమంటే తలా ఒక రకంగా రాస్తున్నారు.
2. అండ్, బట్, సో లేకుండా రెండు వాక్యాలు కలపడం.
3. 'డస్ట్ ఆఫ్ స్నో' పద్యం థీమ్ 40-50 మాటల్లో రాయమంటే కథ రాసి ఊరుకుంటున్నారు.
4. షేక్‌స్పియర్ నాటకం 'జూలియస్ సీజర్'లో బ్రూటస్ ఉపన్యాసం జనంలో ఎందుకు నిలవలేదు?

జవాబులు రాసిచ్చేయకండి. అవి గైడులో ఎలాగూ ఉన్నాయి. పిల్లలకు దారి ఎలా చూపించాలో చెప్పండి చాలు.

మల్లేశ్వరం మాస్టారు
సుధగారూ, మొదటిదానికి పిల్లలు రాసేది దాదాపు ఇలా ఉంటుంది: 'ది టీచర్ ఆస్క్‌డ్ టు రవి దట్ వై వాజ్ హి లేట్ టుడే?' ఒక్క వాక్యంలో ఐదు తప్పులు. విడివిడిగా చూపించండి, కలిపి కొట్టేస్తే ఏదీ తలకెక్కదు.

'ఆస్క్‌డ్' పక్కన 'టు' రాదు. మూలంలో 'సెడ్ టు' ఉంది కదా, క్రియ మార్చినవాడు టు తీయడం మరిచాడు. 'టోల్డ్ టు' కూడా ఇదే బాపతు.

'దట్' మన 'అని' నుంచి వచ్చింది. 'ఎందుకు ఆలస్యమైందని అడిగారు' అని మనసులో అనుకుని రాస్తారు, ఆ 'అని' కోసం 'దట్' పెడతారు. వై, వేర్, వెన్, హౌ లాంటి ప్రశ్నపదం ఉంటే అదే రెండు ముక్కలనూ కలుపుతుంది, ఇంకో అతుకు అక్కర్లేదు. ప్రశ్నపదం లేకుండా అవును-కాదు అని జవాబొచ్చే ప్రశ్నైతే 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ.

'వాజ్ హి' తిరగబడాలి. ఇప్పుడిది ప్రశ్న కాదు, ఒకరు ప్రశ్న అడిగారన్న వార్త. కాబట్టి 'హి వాజ్'. చివర ప్రశ్నార్థకం పోయి చుక్క రావడానికీ కారణం ఇదే. ఈ రెండూ జంట, కలిపి చెప్పండి.

'టుడే' కాస్తా 'దట్ డే' అవుతుంది.

పని చేయించే వరుస: ముందు చట్రం రాయించండి, 'ది టీచర్ ఆస్క్‌డ్ రవి'. తర్వాత ప్రశ్నపదం. ఆ తర్వాత 'ఇక్కడ యు అంటే ఎవరు?' అని అడిగి నోటితో చెప్పించండి. రవి, అంటే హి. కర్త రాశాకే క్రియ, క్రియ రాశాకే కాలం మార్పు, చివర రోజూ చోటూ. కాలంతో మొదలుపెట్టే పిల్లలే ఎక్కువగా తికమక పడతారు, ఎందుకంటే కర్త తేలకుండా 'వాజ్'ఓ 'వర్'ఓ తేలదు.

జవాబు: 'ది టీచర్ ఆస్క్‌డ్ రవి వై హి వాజ్ లేట్ దట్ డే.'

పెన్నా తీరం
మాస్టారూ, కాలం అన్నిసార్లూ వెనక్కి జరగాలా? 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' లాంటివి?

మల్లేశ్వరం మాస్టారు
అక్కర్లేదు. ఎప్పటికీ నిజమైన మాటకు కాలం మార్చనక్కర్లేదు. బయటి క్రియ 'సేస్' అని వర్తమానంలో ఉంటే లోపలిదీ కదలదు.

అదే చేత్తో ఆజ్ఞలూ చూపించేయండి. 'డోంట్ రన్' అన్నది 'టోల్డ్ దెమ్ నాట్ టు రన్' అవుతుంది. పిల్లలు 'టు డోంట్ రన్' రాస్తారు. 'ప్లీజ్' ఉంటే ఆ మాట ఎగిరిపోయి 'రిక్వెస్టెడ్' వస్తుంది. రెండూ ఉంచితే మార్కు పోతుంది. 'లెట్స్ గో'కి 'సజెస్టెడ్ గోయింగ్' గానీ 'సజెస్టెడ్ దట్ దే షుడ్ గో' గానీ. 'సజెస్టెడ్ మీ టు గో' మన ఊళ్లలోనూ ఇక్కడి ఆఫీసుల్లోనూ రోజూ వినబడుతుంది, పరీక్షలో మాత్రం తప్పే.

హెచ్‌ఎస్‌ఆర్ వాణి
సబ్జెక్ట్-వెర్బ్ కాంకార్డ్ (కర్తకు తగ్గ క్రియ) కూడా చేర్చండి, సీబీఎస్ఈ గ్రామర్ పది మార్కుల్లో అది తప్పకుండా తగులుతుంది. 'ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ ఆర్ గుడ్' అని రాస్తారు, పక్కనే మామిడిపళ్లు కనబడ్డాయి కాబట్టి. 'ఆఫ్' మొదలుకొని క్రియ దాకా ఉన్నదాన్ని పెన్సిలుతో కప్పేయమనండి. మిగిలింది 'ది క్వాలిటీ', దానికి 'ఈజ్'. 'ఆజ్ వెల్ ఆజ్', 'అలాంగ్ విత్', 'టుగెదర్ విత్' వచ్చినప్పుడూ వాటితో మొదలయ్యే ముక్కను ఇలాగే కప్పడమే.

ఈ పెన్సిలు పద్ధతి పనిచేయని చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు అన్నింటికీ వాడేస్తారు. 'ఐదర్-ఆర్', 'నైదర్-నార్' ఉంటే క్రియకు దగ్గరున్న కర్తను చూడాలి. 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' అంటే చాలామంది, బహువచనం. 'ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' అంటే సంఖ్య, ఏకవచనం. 'సమ్ ఆఫ్', 'మోస్ట్ ఆఫ్' వచ్చినప్పుడైతే కప్పకూడదు, ఆఫ్ తర్వాతి మాటే తేలుస్తుంది: 'మోస్ట్ ఆఫ్ ది మిల్క్ ఈజ్', 'మోస్ట్ ఆఫ్ ది బాయ్స్ ఆర్'.

ఇక 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్'. ఇది తెలుగు ప్రభావమే అనుకుంటా.

మల్లేశ్వరం మాస్టారు
వాణిగారూ, అక్కడ తెలుగును నిందించకండి. మనం 'మా ఫ్రెండ్స్‌లో ఒకడు' అంటాం, శుభ్రంగా బహువచనం. తెలుగులోంచి నేరుగా తెచ్చుకున్నా 'ఫ్రెండ్స్' అనే రావాలి. మాటల్లో చివరి 'స్' మింగేయడం వల్ల వచ్చిన తప్పది. వినబడనిది రాతలోకీ రాదు. అందుకే దానికి సూత్రం కన్నా గట్టిగా చదివించడం మందు.

తెలుగు నిజంగా అడ్డుపడేది ఆర్టికల్స్ దగ్గర, ఎందుకంటే మనకవి లేనే లేవు. అక్కడా ఎ, యాన్ తేడా సులువే, అక్షరం కాదు, ధ్వని చూడాలి: యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే, ఎ యూనివర్సిటీ, ఎ వన్-రుపీ కాయిన్. కష్టమంతా 'ది' ఎప్పుడన్నదే. 'ఏది?' అని అడిగితే వినేవాడికి ముందే జవాబు తెలిసి ఉంటే 'ది' పెట్టమని చెబితే ముప్పాతిక వంతు కుదురుతుంది. మిగతాది, నదులకు ఉంటుంది, ఊళ్లకు ఉండదు లాంటి ఆచారం, ది కావేరీ కానీ బెంగళూరు అంతే. అది కంఠస్థం చేయాల్సిందే.

హెచ్‌ఎస్‌ఆర్ వాణి
ఒప్పుకున్నా. కానీ 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' మాత్రం మనదే, వాదించకండి.

కోరమంగళ కామా
రెండో ప్రశ్న నేను తీసుకుంటా. ఐసీఎస్ఈ లాంగ్వేజ్ పేపర్లో అండ్, బట్, సో లేకుండా కలపమంటారు. పిల్లలు చటుక్కున వాటి స్థానంలో ఇంకో అతుకు మాట వెతుకుతారు. అలా కాకుండా ముందు రెండు వాక్యాల మధ్య ఏ సంబంధం ఉందో తేల్చమనండి. కారణమా, విరుద్ధమా, ఒకదాని వెనక ఒకటా, లేక ఒకే మనిషి గురించిన రెండు సమాచారాలా?

ఉదాహరణకు 'హి వాజ్ టైర్డ్. హి వెంట్ ఆన్ వర్కింగ్.' ఇది విరుద్ధం. 'దో హి వాజ్ టైర్డ్, హి వెంట్ ఆన్ వర్కింగ్' సరిపోతుంది. 'ఇన్ స్పైట్ ఆఫ్ బీయింగ్ టైర్డ్' కూడా సరే. తప్పులు ఎక్కడంటే: 'దో' పెట్టి మళ్లీ 'బట్' పెట్టడం, 'డిస్పైట్ ఆఫ్' అని రాయడం, 'ఇన్ స్పైట్ ఆఫ్ హి వాజ్' అని రాయడం. 'ఆఫ్' వెనకాల పూర్తి వాక్యం నిలబడదు, నామవాచకమో 'ఇంగ్' రూపమో కావాలి.

ఒకదాని వెనక ఒకటి జరిగితే 'నో సూనర్'. 'నో సూనర్ డిడ్ ది బెల్ రింగ్ దాన్ ది చిల్డ్రన్ ర్యాన్ అవుట్.' ఇందులో మూడు మేకులు: 'డిడ్' కర్తకు ముందు రావాలి, 'డిడ్' ఉంది కాబట్టి 'ర్యాంగ్' కాదు 'రింగ్', జంట మాట 'వెన్' కాదు 'దాన్'. 'హార్డ్‌లీ'కి మాత్రం 'హార్డ్‌లీ హ్యాడ్ ది బెల్ రంగ్ వెన్'. ఈ రెండు జంటలను పక్కపక్కన రాయించండి, విడిగా నేర్పితే కలగాపులగం చేస్తారు.

'ఇంగ్'తో కలిపేటప్పుడు ఇంకో గుంట ఉంది. 'హి వాజ్ వాకింగ్ హోమ్. ఎ డాగ్ బిట్ హిమ్.' దీన్ని 'వాకింగ్ హోమ్, ఎ డాగ్ బిట్ హిమ్' అని కలిపేస్తారు. ఇంటికి నడుస్తున్నది కుక్క అయిపోయింది. కామా తర్వాత మొదట వచ్చే పేరే ఆ నడిచేవాడు కావాలి: 'వాకింగ్ హోమ్, హి వాజ్ బిటెన్ బై ఎ డాగ్.' పిల్లలకు ఈ కుక్క ఉదాహరణ చెబితే నవ్వుతారు, ఇక మరిచిపోరు.

బెళ్లందూరు సుధ
కుక్క ఉదాహరణ ఇవాళే ప్రయోగిస్తా. సాహిత్యం ప్రశ్నలకు ఎవరైనా?

జయనగర్ మందారం
'డస్ట్ ఆఫ్ స్నో' చూద్దాం. సీబీఎస్ఈలో 80 మార్కుల పేపరుకు సాహిత్యం 40. 40-50 మాటల జవాబుకు 3 మార్కులు, 100-120 మాటల జవాబుకు 6. కాబట్టి చిన్న జవాబులో కథకు ఒక్క వాక్యం మించి చోటు లేదు.

పద్యం మొత్తం ఎనిమిది పాదాలు, రెండు స్టాంజాలు, నిజానికి ఒకే ఒక్క వాక్యం. కాకి హెమ్‌లాక్ చెట్టు మీంచి మంచుపొడి రాల్చింది, కవి మనసు మారింది, బాధతో గడిచిన రోజులో కొంత దక్కింది. రాబర్ట్ ఫ్రాస్ట్ 1923లో వచ్చిన సంపుటిలో వేశాడు.

పిల్లవాడి జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: 'ఒక కాకి కవి మీద మంచు వేసింది. కవి చాలా సంతోషించాడు. ప్రకృతి మనకు ఆనందం ఇస్తుంది.' మూడు వాక్యాలకూ మూడు జబ్బులు. మొదటిది కథ. రెండోది పద్యంలో లేదు, 'చాలా సంతోషం' అని కవి ఎక్కడా అనలేదు. మనసు కాస్త మారిందన్నాడు, రోజులో కొంత భాగమే దక్కిందన్నాడు. మూడోది ఏ ప్రకృతి పద్యానికైనా అతికే మాట.

సరిచేయించేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఏం మారింది? దేనివల్ల మారింది? ఎంత మారింది? ఈ మూడోదే అందరూ వదిలేసేది. 'సమ్ పార్ట్' అన్న మాట పట్టుకున్న పిల్లవాడి జవాబు మిగతావాటి నుంచి వేరుగా కనబడుతుంది. అప్పుడు జవాబు ఇలా తేలుతుంది: రోజంతా పాడైందనుకున్న మనిషిని అనుకోని చిన్న ఘటన కాస్త తేలికపరిచింది. ఆ ఘటన కోకిల వల్లో పూలచెట్టు వల్లో కాదు, ఎవరూ అందంగా భావించని కాకి వల్ల. పోయిన రోజు పూర్తిగా తిరిగి రాలేదు, కొంతే మిగిలింది. దీన్ని పిల్లలు వాళ్ల ఇంగ్లీషులో పెడితే 40-50 మాటల్లోనే ఉంటుంది.

రైమ్ స్కీమ్, అంటే పాదాల చివరి ప్రాసల వరుస, ఎ-బి-ఎ-బి, సి-డి-సి-డి. ఇక్కడ చిక్కు 'మూడ్', 'రూడ్' జంట. స్పెల్లింగు కలవదు కాబట్టి పిల్లలు వాటికి వేరే అక్షరాలు ఇస్తారు. కళ్లతో కాదు, చెవితో చూడమనండి.

పెన్నా తీరం
మందారంగారూ, హెమ్‌లాక్ విషపు చెట్టు, కాకి అశుభం అని గైడులన్నీ రాస్తున్నాయి. అది రాయాలా వద్దా?

జయనగర్ మందారం
మంచి ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు మొక్కలు కలిసిపోయాయి. సోక్రటీస్‌కు తాగించిన విషం హెమ్‌లాక్ అనే చిన్న మొక్కది, కొత్తిమీర, జీలకర్రల కుటుంబం, తెల్లటి చిన్న పూలు పూస్తుంది. అమెరికాలో మంచు పేరుకునే హెమ్‌లాక్ దేవదారు జాతి పెద్ద చెట్టు, విషం కాదు. కాకి వాలి మంచు రాల్చింది దీని మీంచే. చిక్కేమిటంటే పాఠ్యపుస్తకంలో పద్యం కింద ఇచ్చిన అర్థంలోనూ విషపు మొక్క అనే ఉంది.

పరీక్షకు దారి: 'సాధారణంగా దిగులుతో ముడిపెట్టే కాకి, హెమ్‌లాక్' అని రాస్తే పుస్తకానికీ విరుద్ధం కాదు, తప్పూ కాదు. 'విషం' అనే మాట మీద జవాబంతా కట్టకండి. కాకి విషయానికొస్తే, మన ఇళ్లలో కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు కదా, 'కాకి అశుభమా?' అని ఏ పిల్లవాడైనా అడిగితే మందలించకండి. పద్యంలో అశుభం అని ఎక్కడా లేదు, అది చదివేవాళ్లు చేసుకున్న అర్థం. 'కవి చెప్పాడు' అనకుండా 'సాధారణంగా భావిస్తారు' అని రాయించడానికి అదే మంచి సందర్భం.

కోరమంగళ కామా
పనిలో పని, సాండ్‌బర్గ్ 'ఫాగ్'లో అలంకారం ఏదని అడిగితే సగం మంది సిమిలీ అంటారు. 'లైక్', 'ఆజ్' రెండూ లేవు, పొగమంచును నేరుగా పిల్లిని చేసేశాడు, ఆరు పాదాలూ ఆ పిల్లే నడుస్తుంది. అది మెటఫర్. పర్సనిఫికేషన్ కూడా కాదు, పిల్లి మనిషి కాదు కనుక. దానికి రైమ్ స్కీమ్ వెతకొద్దని కూడా చెప్పండి, అది ఫ్రీ వర్స్, అంటే ప్రాస కట్టుబాటు లేని పద్యం. ఎంత వెతికినా దొరకదు, ఊరికే సమయం పోతుంది.

రాజాజీనగర్ రంగస్థలి
బ్రూటస్ ప్రశ్న నాది. మూడో అంకం రెండో రంగం. సీజర్‌ను చంపాక ముందు బ్రూటస్, తర్వాత సీజర్ మిత్రుడు ఆంటోనీ జనం ముందు మాట్లాడే చోటు. పిల్లలు 'బ్రూటస్ మంచివాడు, ఆంటోనీ తెలివైనవాడు' అని పాత్ర చిత్రణ రాస్తారు. అడిగింది మనుషుల గురించి కాదు, ఉపన్యాసాల గురించి.

ముందు పుస్తకం తెరిచి పేజీ ఆకారం చూపించండి. బ్రూటస్ మాటలు అంచు నుంచి అంచు దాకా నిండి ఉంటాయి, అంటే వచనం. ఆంటోనీవి పాదాలుగా తెగి ఉంటాయి, ప్రతి పాదం పెద్దక్షరంతో మొదలవుతుంది, అంటే పద్యం. ఒకడు బుద్ధితో మాట్లాడాడు, ఒకడు గుండెను పట్టుకున్నాడు అన్న పాయింటుకు ఇది కళ్లెదుట సాక్ష్యం. చాలామంది ఈ తేడా రాయరు, రాసినవాళ్ల జవాబు నిలబడుతుంది.

రెండోది, బ్రూటస్ ఓడలేదు, ముందు గెలిచాడు. ఇది వదిలేస్తే జవాబు సగమే. అతని మాటలు విని జనంలో ఒకడు ఇతణ్నే సీజర్‌ను చేద్దామంటాడు. సీజర్ సీజరయ్యాడనే కదా చంపింది! అంటే జనం మెచ్చుకున్నారు గానీ అర్థం చేసుకోలేదు. అలాంటి గెలుపు ఇంకో ఉపన్యాసం దాకానే.

మూడోది, బ్రూటస్ చేసిన తప్పు మాటల్లో కాదు, ఏర్పాట్లలో ఉంది. హత్యలో తోడున్న కాషియస్ వద్దన్నా ఆంటోనీకి మాట్లాడే అనుమతి ఇచ్చాడు. మా మీద నింద వేయకూడదు, మా అనుమతితోనే అని చెప్పాలి, నా తర్వాతే మాట్లాడాలి అని షరతులు పెట్టాడు. తర్వాత తాను వెళ్లిపోయాడు. ఆంటోనీ షరతులు అక్షరాలా పాటిస్తూనే వాటిని తిరగేశాడు, బ్రూటస్‌ను గౌరవనీయుడని పొగుడుతూ పొగుడుతూ ఆ మాటనే ఎగతాళి చేసేశాడు.

సాక్ష్యాలకు ఆంటోనీ చెప్పిన మూడు చాలు: బందీల విడుదల సొమ్ము ఖజానాకు చేర్చడం, పేదల కోసం సీజర్ కంటతడి పెట్టడం, కిరీటాన్ని మూడుసార్లు కాదనడం. మూడూ 'అధికార దాహం' అన్న ఆరోపణకు జవాబులే. బ్రూటస్ ఆరోపణకు ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వలేదని పక్కనే రాయించండి.

వరుసలో ఒక్క జాగ్రత్త. ఆంటోనీ వీలునామా మాట ముందే ఎత్తుతాడు కానీ చదవడు. దిగివచ్చి, సీజర్ చిరిగిన అంగీ చూపిస్తాడు, శవం చూపిస్తాడు, జనం అల్లరికి పరుగెత్తబోతుంటే అప్పుడు వెనక్కి పిలిచి చదువుతాడు: ఒక్కో పౌరుడికి 75 డ్రాక్మాలు, టైబర్ నది పక్క తోటలు. పిల్లలు చదవడాన్ని అంగీకి ముందు పెడతారు. ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చి 'దీని తర్వాత ఏం జరుగుతుంది' అని అడిగితే అక్కడే మార్కులు పోతాయి.

పెన్నా తీరం
ఫోనులో ఏఐని అడిగి జవాబు తెచ్చే పిల్లల్ని ఏం చేయాలి?

హెచ్‌ఎస్‌ఆర్ వాణి
తిట్టకుండా రెండు పనులు చేయించండి. జవాబులో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ప్రతి పాదాన్నీ పుస్తకంలో వేలు పెట్టి చూపించమనండి. దొరకని పాదం కొట్టేయాలి. పద్యంలో లేని పాదాలు అలాంటి జవాబుల్లో దొర్లుతుంటాయి. రెండోది, జవాబు మూసేసి అదే విషయాన్ని తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట. తెలుగులో చెప్పగలిగినవాడు కాస్త తడబడినా ఇంగ్లీషులో రాస్తాడు.

కోరమంగళ కామా
దీనికి తోడు, క్లాసులో చెప్పని మాటలు జవాబులో దొర్లితే వాటి కింద గీత గీయించి అర్థం అడగండి.

బెళ్లందూరు సుధ
అందరికీ ధన్యవాదాలు. ఒకటే మిగిలింది. ఇవాళ ఒక పాప 'అన్‌లెస్ యు డోంట్ వర్క్ హార్డ్, యు విల్ ఫెయిల్' అని రాసింది. తప్పని తెలుసు, ఎందుకో చెప్పలేకపోయా.

మల్లేశ్వరం మాస్టారు
'అన్‌లెస్'లోనే 'ఇఫ్ నాట్' దాగి ఉంది. 'కష్టపడితే తప్ప' అన్నాక మళ్లీ 'కష్టపడకపోతే' అనం కదా. 'డోంట్' తీసేయిస్తే చాలు: 'అన్‌లెస్ యు వర్క్ హార్డ్, యు విల్ ఫెయిల్.' సరిచూసుకోడానికి 'అన్‌లెస్' చెరిపి 'ఇఫ్ నాట్' అర్థంతో చదవమనండి. పాప వాక్యంలో రెండు 'నాట్'లు వచ్చి, కష్టపడితే ఫెయిలవుతావన్న అర్థం తేలుతుంది. 'అన్‌టిల్'కూ ఇదే చికిత్స: 'వెయిట్ అన్‌టిల్ ఐ కమ్'. 'నేను రానంతవరకూ' అని తెలుగులో అనుకునే పిల్లలు అక్కడ 'డోంట్' చేరుస్తారు.